టాంగా అడ్డాలో నా పంచనామా

నా పరువు ఎక్కడ పోయిందో నాకు గజాలతో సహా తెలుసు. పంజాగుట్టలో టాంగాలు నిలిచే అడ్డాలో, గుర్రాలు నీళ్లు తాగే రాతి తొట్టికి సరిగ్గా మూడు గజాల దూరంలో పోయింది. పట్టపగలు, చేతిలో గొడుగుతో, రెండు వందల మంది చూస్తుండగా పోయింది. "మొన్న నూట యాభై మంది అన్నరు" అని లోపలి గదిలోంచి మా ఆవిడ శాంతమ్మ గుర్తు చేస్తోంది. ఆమె మాట మీరు పట్టించుకోకండి. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ జనం కొంచెం పెరుగుతారు. మంచి తమాషాకు జనం రావడం నా తప్పా?

అప్పటికి ఇంకా రెండో ప్రపంచ యుద్ధం రాలేదు. అమీర్‌పేట పట్నం బయటి ఊరు. నేను రోజూ ఖైరతాబాద్ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ పోయి, పట్నంలో ఒక వకీలు దగ్గర గుమస్తాగా పనిచేసి వచ్చేవాణ్ణి. ఉర్దూలో అర్జీ రాయాలంటే నా తర్వాతే ఎవరైనా అని నా నమ్మకం. ఇక ఆదివారం సాయంత్రాలు మా క్రైస్తవ కుటుంబాల ఇళ్లలో ప్రార్థన కూటాలు నడిపేవాణ్ణి. కూటం ఏ ఇంట్లో అయినా వంటకు సాయం శాంతమ్మే. దీర్ఘ ప్రార్థనలకు నాకు పెద్ద పేరు. ఎంత దీర్ఘమంటే, మోకాళ్లూనిన పడుచుపిల్లలు లేచేసరికి పెళ్లీడుకు వచ్చేవాళ్లు.

ఏటా చలికాలం చివర మా వైపు లింగయ్య అనే పగటివేషగాడు వచ్చేవాడు. వెంట మద్దెల వాయించే బామ్మర్ది. పది రోజులు ఉంటారు. రోజుకో వేషం కట్టి, పొద్దున అమీర్‌పేట బజారులో మొదలుపెట్టి మధ్యాహ్నానికి పంజాగుట్ట చేరుకుంటారు. వాళ్లకొక రివాజు ఉంది. తొమ్మిది రోజులు ఎవరి దగ్గరా ఏమీ ముట్టరు, గుక్కెడు చాయ్ ఇచ్చినా వద్దంటారు. పదో రోజు వేషం లేకుండా, కడిగిన ముఖంతో ఇంటింటికీ వచ్చి జోలె పడతారు. జొన్నలు, బియ్యం, పాత కోటు, ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. ఆ ఒక్క రోజు జోలె మీదే తమ ఊళ్లో ఉన్న లింగయ్య పెళ్లాంపిల్లలు వానలు పడేదాకా గడపాలి. పదో రోజు రాకముందే ఊరు వెళ్లగొడితే అంతే సంగతి. అన్ని రోజుల చెమటా ఉత్తదే.

లింగయ్య సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ మాటలు చాలవు. సన్నగా, నల్లగా, పెట్టెలో మడతపెట్టి దాచుకోవచ్చు అనిపించే మనిషి. ముఖానికి పూసే రంగు ఒక చిటికెడు. మిగతాదంతా వెన్నెముకతో చేసేవాడు. మా షావుకారు నర్సయ్య వేషం కట్టిన రోజు, పొట్ట లేని ఆ మనిషి నడుస్తుంటే ముందు పొట్ట వస్తున్నట్టే కనిపించేది. ఒక చేత్తో తరాజు పట్టుకుని, "పిల్లలు బాగున్నరా తల్లీ" అని ప్రేమగా అడుగుతూ, చిటికెన వేలితో పళ్లెం కిందికి నొక్కేవాడు. అది చూసి నేను ఎంత నవ్వానంటే, నర్సయ్య కొట్టు ముందర పోసిన ధనియాల కుప్ప మీద పడిపోయాను.

రెండో రోజు శేషయ్య పంతులు వేషం. పంతులు పెద్దమనిషి, తంతు చేయిస్తూ చేయిస్తూ కునుకు తీస్తాడు. లింగయ్య అలాగే కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి గురకపెట్టి, ఉలిక్కిపడి లేచి "స్వాహా" అని పెళ్లికొడుకు ఒడిలో నెయ్యి పోశాడు. మూడో రోజు పంజాగుట్ట హకీం సాబ్ వేషం. నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, అర ఘడియ ఆలోచించి, జ్వరమన్నవాడికీ కాలు విరిగిందన్నవాడికీ ఒకే డబ్బాలోంచి ఒకే లేహ్యం నాకించాడు. నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొప్పి పెట్టాయి. ఆ నొప్పికి నేను హకీం సాబ్ దగ్గరికే పోయాను. ఆయన అదే డబ్బా తీశాడు.

ముగ్గురూ ఆ రోజుల్లో ముఖాలు మాడ్చుకున్నారు. నేను ఊరుకున్నానా? ముగ్గురికీ విడివిడిగా ఉపన్యాసం ఇచ్చాను. నవ్వును నవ్వుగా తీసుకోవాలనీ, పెద్దమనసు ఉన్నవాడికి ఎగతాళి పూలదండ లాంటిదనీ, కళాకారుడి నోరు కట్టేస్తే దేశానికే అరిష్టమనీ చెప్పాను. హకీం సాబ్‌తో అయితే ఆయన భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాను.

"జర దిల్ పెద్దగ జేసుకోండ్రి హకీం సాబ్. మనల్ని జూసి మనమే నవ్వుకోవాలె."

ఆయన నా చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

ఏడో రోజు వచ్చింది.

ఆ రోజు నేను పనికి పోలేదు. తమాషా చూద్దామని శాంతమ్మను తీసుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. సందు మొగలోంచి లింగయ్య వచ్చాడు. తెల్ల పంట్లాం, మోచేతికి తగిలించిన గొడుగు, చంకలో బైబిలులా నల్లబట్ట చుట్టిన ఇటుక. ఎవరో ప్రార్థన చేయించే క్రైస్తవుడు. నాకు సరదా వేసింది. ఎవరబ్బా అనుకుంటున్నాను. లింగయ్య గొంతు సవరించుకున్నాడు, మూడుసార్లు, మూడోది కొంచెం సాగదీసి. నా నవ్వు సగంలో ఆగింది. ఆ సవరింపు నాది.

బామ్మర్ది పొయ్యి ముందర ఇంటి ఇల్లాలిలా కొంగు కప్పుకుని కూర్చుని, ఉత్త కుండలో గరిట తిప్పుతున్నాడు. లింగయ్య మోకాళ్లూని, కళ్లు మూసి, రోగుల కోసం ప్రార్థించాడు. తర్వాత ఎడమ కన్ను ఒక్కటే సన్నగా తెరిచి కుండ వైపు చూశాడు. ఇల్లాలు లేదన్నట్టు తలూపింది. వెంటనే కన్ను మూసి, విధవరాండ్ర కోసం ప్రార్థించాడు. మళ్లీ కన్ను. మళ్లీ లేదు. ప్రయాణంలో ఉన్నవాళ్ల కోసం, పంటల కోసం, సముద్రాల మీది ఓడల కోసం, ఇంకా పుట్టని బిడ్డల కోసం ప్రార్థిస్తూనే పోయాడు. చివరికి ఇల్లాలు కుండ దించింది. కోడికూర ఉడికింది. "ఆమేన్" అన్నాడు లింగయ్య, అదీ మాట పూర్తి కాకముందే పీట మీద కూర్చుని.

పాఠకులారా, మీ ముందర దాచేదేముంది? నిజమే. కూర దిగేదాకా ప్రార్థన సాగదీయడం నా పద్ధతి. అయిదేళ్లుగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. మరి లింగయ్యకు ఎలా తెలిసింది? ముందటి రెండు ఆదివారాలు కూటం జరిగిన ఇంటి కిటికీ బయట నిలబడి చూశాడట. క్రైస్తవుడు కాదు కాబట్టి అతను కళ్లు మూసుకోలేదు.

జనం విరగబడి నవ్వారు. మా చర్చి సంఘం అయ్యగారు నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది నేను తట్టుకునేవాణ్ణి. కానీ నా పక్కన శాంతమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"ఎందుకు నవ్వుతవ్?" అన్నాను.

"అయిదేండ్ల సంది నేను పొయ్యి కాడ తలకాయ ఊపుతున్న. నాకొక్కదానికే తెలుసనుకున్న" అంది.

ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఇది నా ఒక్కడి అవమానం కాదని పది నిమిషాల్లో తేల్చుకున్నాను. ఇది మతానికి అవమానం, ప్రార్థనకు అవమానం, కోడికూరలు వండే సమస్త గృహిణులకు అవమానం. ప్రజల మనసులు గాయపడ్డాయి. గాయపడిన ప్రజలు ఎక్కడ ఉన్నారో మాత్రం ఇంకా వెతకాలి. వెంటనే కలం తీసి ఠాణాకు ఒక అర్జీ రాశాను. ఈ లింగయ్య అనేవాణ్ణి తక్షణం ఊరు దాటించాలి, ఇక ముందు రానివ్వకూడదు అని. అంత చక్కటి ఉర్దూ నేను ముందూ రాయలేదు, తర్వాతా రాయలేదు. మా అర్జీల భాషలో రాసేవాడు తనను తాను ధూళికణం అని చెప్పుకోవాలి. నేను ఆ పూట ఏడుసార్లు ధూళికణమయ్యాను.

సంతకాలు కావాలి కదా. మొదట షావుకారు నర్సయ్య కొట్టుకు పోయాను. ఆయన అర్జీ అంతా విని, చెవిలో పుల్ల తిప్పుకుంటూ ఒప్పుకున్నాడు.

"రాయి దానియేలూ, గట్టిగ రాయి. నా తరాజు ఏషం బంద్ జేయాలె. దానితోని నా యాపారం ఖరాబైతుంది. గని నీ ఏషం జోలికి పోకు. ఇయ్యాల మా ఆడోళ్లు జూడలే. మల్లొక్కసారి ఏయించాలని అనుకుంటున్న."

"నాదే కదా నర్సయ్యా, అసలు గొడవ."

"గొడవేముంది అండ్ల? మస్తున్నది."

అని, కొట్టు గడప మీదే మోకాళ్లూని, ఎడమ కన్ను తెరిచి చూపించాడు. బాగా చేశాడు కూడా. సంతకం చేశాడు, కానీ షరతు మీద చేశాడు. షావుకారు వేషం మాత్రం నిషేధించాలి, మిగతావి యథాప్రకారం జరగాలి.

శేషయ్య పంతులు కూడా అదే మాట. కునుకు వేషం మహాపచారం, దాన్ని ఆపకపోతే ధర్మం నిలవదన్నాడు. హకీం వేషం మాత్రం విద్య అన్నాడు. అది సరస్వతీ కటాక్షమట. అందులోని సూక్ష్మం నాకు అర్థం కాలేదేమోనని, నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నట్టు అర ఘడియ నటించి చూపించాడు. సంతకం పెట్టాడు, షరతుతో.

హకీం సాబ్ దగ్గరికి చివర పోయాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మియా దానియేల్, జర దిల్ పెద్దగ జేసుకోవాలె" అన్నాడు.

నేను ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాను. ఆయన తృప్తిగా నవ్వుకుని, తన వేషం తప్ప అన్నీ ఉండనివ్వమని రాయించి సంతకం చేశాడు. ఒక మనిషిని ఊరు దాటించమని మొదలైన నా అర్జీ, సాయంత్రానికి అతను ఏ వేషాలు తప్పకుండా వేయాలో చెప్పే జాబితాగా మారింది. నేను మాత్రం సంతకాలు చూసుకుని మురిశాను. షరతులు చిన్న అక్షరాల్లో రాశాను. గుమస్తా విద్య అంటే అదే.

మర్నాడు, అంటే ఎనిమిదో రోజు, లింగయ్య కనిపించలేదు. నా అర్జీ సంగతి విని రాత్రికి రాత్రే పారిపోయాడని అమీర్‌పేట బజారంతా చెప్పుకుంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇంతలో ఒక టాంగావాలా పరుగెత్తుకొచ్చి, పంజాగుట్టలో కొత్త పోలీసు అమీన్ సాబ్ దిగాడనీ, టాంగాలన్నీ వరుసలో నిలబెట్టి తిడుతున్నాడనీ చెప్పాడు. ఠాణా దాకా పోయే శ్రమ తప్పింది. ఆదివారపు పంట్లాం వేసుకుని, గొడుగు మోచేతికి తగిలించుకుని, అర్జీ పట్టుకుని బయల్దేరాను.

అమీన్ సాబ్ రాతి తొట్టి దగ్గర కుర్చీ మీద కూర్చున్నాడు. అబ్బ, ఏం దర్జా. ఎర్ర రూమీ టోపీ, చెవుల దాకా మీసాలు, చేతిలో బెత్తం. పక్కన ఒక జవాన్. ఆ బెత్తం బూటు మీద తట్టినప్పుడల్లా గుర్రాలు కూడా అటెన్షన్‌లో నిలబడుతున్నాయి. వంగి మూడు సలాములు చేసి అర్జీ ఇచ్చాను. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "చశ్మా తేలేదు. నువ్వే సదువు" అని తిరిగి ఇచ్చాడు.

చదివాను. ఏడు ధూళికణాలూ పలికాను. ఆయన ముఖం గంభీరంగా పెట్టాడు.

"కాయిదం మీద ఇజ్జత్ పోయిందంటే సర్కారుకు ఎట్ల సమజైతది? పంచనామా రాయాలె. వాడు ఎట్ల జేసిండో జేసి సూపెట్టు."

పాఠకులారా, ఇక్కడ ఆగి ఉంటే నేను ఈ రోజు సంఘ పెద్దనై ఉండేవాణ్ణి. కానీ నాకు కోర్టు మర్యాదలు తెలుసు. సాక్ష్యం పూర్తిగా చెప్పాలి, ఏదీ దాచకూడదు. గొంతు మూడుసార్లు సవరించుకున్నాను. మోకాళ్లూనాను. ఎడమ కన్ను తెరిచాను. రోగుల నుంచి సముద్రం మీది ఓడల దాకా ఒక్కటీ వదల్లేదు. ఎక్కడినుంచి వచ్చారో గానీ జనం మూగారు. నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ, ఇది సాక్ష్యం అనుకున్నాను.

"మిగిలిన మూడు సుత సూపెట్టు. అర్జీదారుడివి నువ్వే కద" అన్నాడు అమీన్ సాబ్.

అప్పటికి నాకు కొంచెం వేడెక్కింది. నర్సయ్య పొట్టతో నడిచాను. పంతుల్లాగా గురకపెట్టి, స్వాహా అని గొడుగు విసిరేశాను. హకీం సాబ్‌లా ఒక టాంగా గుర్రం నాడి చూసి, కళ్లు మూసుకుని తలూపాను. నిజం చెప్పాలంటే, గుర్రం సంగతి లింగయ్య వేషంలో లేదు, అది నా సొంతం. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నా ఒంట్లో ఏదో తీయటి మత్తు. ఇంకా ఎవరివైనా ఉన్నాయా అని చూస్తుంటే, జనం ముందు వరుసలో ముగ్గురు కనిపించారు. నర్సయ్య, పంతులు, హకీం సాబ్. ఆ ముగ్గురు మాత్రం నవ్వడం లేదు.

"సర్కార్, లింగయ్య జేసింది ఏం లేదు. గీ దానియేలే ఎక్కువ జేసిండు. మా ఇజ్జత్ ఇయ్యాలనే పోయింది" అన్నాడు నర్సయ్య. "నాడి చూడ్డానికి గుర్రమా?" అని హకీం సాబ్ వణికిపోతున్నాడు. పంతులు గొడుగు వైపు చూపించాడు.

అమీన్ సాబ్ తేలిగ్గా నిట్టూర్చాడు. "మంచిది. కొత్త అర్జీ రాసే పని సుత లేదు. పేరొక్కటి మారిస్తే సాలు" అన్నాడు.

జవాన్ అర్జీలో ఒక మాట కొట్టేసి నా పేరు రాశాడు. ముగ్గురూ మళ్లీ సంతకం చేశారు. ఈసారి షరతుల్లేవు. నా చక్కటి ఉర్దూ, నా ఏడు ధూళికణాలు, అన్నీ నా మీదికే తిరిగాయి. నన్ను తక్షణం ఊరు దాటించాలి.

చేతులు జోడించాను. "సర్కార్, ఇది నవ్వుకోసం జేసింది. ఎవరినీ నొప్పియ్యాలని కాదు. వీళ్లను రోజూ జూస్తున్న గనుకనే జేయగలిగిన. ఇష్టం లేనోళ్లను ఎవరన్న గంత శ్రద్ధగ జూస్తరా? పెండ్లాం ఉన్నోన్ని, నా పొట్ట గొట్టకుండ్రి."

అమీన్ సాబ్ ముందుకు వంగాడు. మొదటిసారి గొంతు తగ్గించి అడిగాడు.

"మరి లింగయ్య? గాయినకు సుత పెండ్లాం పిల్లలున్నరు. ఇంక రెండు దినాలే ఉన్నయి."

నేను చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆయనను సుత ఉండనియ్యండి సర్కార్. తప్పు నాది."

"అయితే నీ చేతులతోనే చింపు."

చింపాను. నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు చేశాను. గాలికి అవి గుర్రాల కాళ్ల మధ్య తిరుగుతుండగా, అమీన్ సాబ్ లేచి నిలబడి, రూమీ టోపీ తీసి, చెవుల దాకా ఉన్న మీసాలు ఒక్క లాగు లాగి, నాకు వంగి దండం పెట్టాడు. జవాన్ వీపు వెనక నుంచి మద్దెల తీశాడు.

ఎనిమిదో రోజు వేషం అది.

అప్పుడు చూశాను. ఒక బూటు నల్లది, ఒకటి ఎర్రది. నడుముకున్నది పోలీసు బెల్టు కాదు, గుర్రపు జీను పట్టా. ఇంత తెలిసిన గుమస్తాను, నా అర్జీ తలకిందులుగా పట్టుకున్నవాడికి సర్కార్ అన్నాను. కానీ ఆ మనిషి ధైర్యం చూడండి. నిజం అమీన్ ఆ దారిన వచ్చి ఉంటే నేరుగా జైలే. పిల్లల జోలె కోసం ఆ కుర్చీ మీద కూర్చుని, ఒక్క కనురెప్ప కదపకుండా, తనను వెళ్లగొట్టే అర్జీకి చెయ్యి కలిపిన నలుగురి చేతా తనకే వత్తాసు చెప్పించుకున్నాడు. నేను కోర్టుల్లో పెద్ద పెద్ద వకీళ్లను చూశాను. అలాంటి వాదన చూడలేదు. ముందు చప్పట్లు కొట్టింది నేనే. తర్వాత నర్సయ్య, తర్వాత పంతులు. హకీం సాబ్ గుర్రం వైపు ఒకసారి చూసి, ఇష్టం లేకుండానే నవ్వేశాడు.

పదో రోజు లింగయ్య కడిగిన ముఖంతో వచ్చాడు. నర్సయ్య బస్తాడు జొన్నలు వేయించాడు, ఈసారి వేలు దూరంగా పెట్టుకుని. పంతులు పట్టు కండువా ఇచ్చాడు. హకీం సాబ్ ఒక డబ్బా లేహ్యం ఇచ్చాడు. నేను శాంతమ్మ చేత చాటనిండా బియ్యం పోయించుకుని, నా మంచి కోటు మడతపెట్టి గుమ్మంలో నిలబడ్డాను. లింగయ్య చూశాడు, జోలె మూతి ముడిచి పట్టుకున్నాడు.

"ఏమైంది లింగయ్యా, ఇంక కోపం పోలేదా?" అన్నాను.

"కోపం కాదన్నా. మా రివాజు. ఏషం ఏసేటోళ్ల ఇంట్ల మేం జోలె పట్టం."

అని, తన జోలెలోంచి రెండు దోసిళ్ల జొన్నలు తీసి నా చాటలో బియ్యం పక్కన పోశాడు. "మొన్నటి ఆటల నీ వంతు. గుర్రం ముచ్చట మస్తున్నది, వచ్చే ఏడు నేను సుత ఏస్త" అని బామ్మర్దిని పిలుచుకుని సోమాజిగూడ వైపు నడిచిపోయాడు.

శాంతమ్మ ఆ జొన్నలతో రొట్టెలు చేసింది. మొదటి రొట్టె తుంచుతూ నేను నిలబడి, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఊళ్లోవాళ్లను ఎగతాళి చేస్తే ఎంత నవ్వుతానో, నన్ను చేస్తే కూడా సరిగ్గా అంతే నవ్వుతాను అని. ఇరవై ఏళ్లయింది. సగం నవ్వు దాకా వచ్చాను. తక్కిన సగానికి గడువు ఇప్పించవలసిందిగా, ఈ ధూళికణం పై కోర్టు వారికి విన్నవించుకుంటోంది.